అల్లుడూ, ముద్ద నీళ్ళలో ఎంతసేపు నిలుస్తోంది?

అల్లుడూ,

ఆదివారం నువ్వు పంపిన ఫొటోలు చూశాను. మొదటి రెంటిలో నువ్వూ, నీ గొడుగూ, ఖాళీ సంచీ. వాటి జోలికి పోను. మూడో ఫొటో చూశాక అసలు సంగతి అర్థమైంది. గాలానికి పెట్టి రెండు గంటలు నీళ్ళలో ఉంచి పైకి లాగానన్నావే, ఆ ఎర ముద్ద మీద నీ వేలిముద్ర ఇంకా చెక్కుచెదరలేదు. అది ఎర కాదురా, గులకరాయి. గులకరాయిని ఏ చేప తింటుంది?

మీ అమ్మ ఫోన్ చేసి, "ఏవో స్ట్రాబెర్రీ వాసన డబ్బాలు తెప్పించుకుంటున్నాడు, జీతమంతా చెరువులో పోస్తున్నాడు, కాస్త చెప్పరా" అంది. ఫోన్లో చెబితే "సరే మావయ్యా, సరే మావయ్యా" అని సగం మర్చిపోతావు. అందుకే రాస్తున్నాను.

ముందు చేప నోటి సంగతి తెలుసుకో. మన చెరువు చేపల్లో బంగారు తీగకి గానీ, శీలావతికి గానీ, మోసుకి గానీ దవడల్లో పళ్ళుండవు. పళ్ళన్నీ గొంతులో ఉంటాయి. అందుకని అది కొరకదు, పీలుస్తుంది. నోట్లోకి లాక్కుని రుచి చూసి, నచ్చకపోతే ఉమ్మేస్తుంది. నువ్వు నీళ్ళ మీద తేలే బెండు వైపు చూసేలోపే ఈ తతంగం అంతా అయిపోతుంది. పైగా ఈ జాతికి మనలా జీర్ణాశయం లేదు, తిన్నది నేరుగా పేగుల్లోకే పోతుంది. ఒక్కసారి కడుపు నింపుకుని పడుకునే రకం కాదు, కొంచెం కొంచెంగా రోజంతా మేస్తూ తిరుగుతుంది. బంగారు తీగకైతే నోటి పక్కన నాలుగు మీసాలు, వాటితో బురద తడుముకుంటూ పోతుంది. అంత బురదలో నీ ముద్ద ఫలానా చోట ఉందని దానికి తెలియాలంటే, ముద్దలోంచి రుచి నీళ్ళలోకి కారుతూ ఉండాలి. కారాలి, కానీ ముద్ద గాలాన్ని వదలకూడదు. ఎర తయారీలో కష్టమంతా ఈ రెంటి మధ్యే ఉంది. వాసనలూ రంగులూ ఆ తర్వాత.

కాబట్టి ముందు గ్లాసు పరీక్ష నేర్చుకో. స్టీలు గ్లాసు కాదు, గాజు గ్లాసు. నిండా నీళ్ళు పోసి, గోళీకాయంత ముద్ద అందులో వేసి గడియారం చూడు. అయిదు నిమిషాలకి అంచు చుట్టూ పల్చగా పొగమంచులా రావాలి. పావుగంటకి పైపొర పొట్టులా రాలుతూ ఉండాలి. అరగంటకి కూడా లోపలి గట్టి భాగం మిగిలి ఉండాలి. అయిదు నిమిషాలకే కుప్పకూలిందా, మైదా ఒక చెంచా కలిపి మళ్ళీ పిసుకు. పావుగంటైనా నున్నగా మెరుస్తోందా, తవుడో చెక్క (వేరుశనగ నూనె తీశాక మిగిలే పిప్పి) పొడో కలుపు. నీ ఆదివారం ముద్ద వట్టి మైదాది, అవునా? పరోటా పిండిలా సాగదీసి కలిపి ఉంటావు. మైదాని ఎంత పిసికితే అంత రబ్బరవుతుంది.

ఇక గాలానికి పెట్టే ముద్ద. గోధుమపిండి రెండు గ్లాసులు, దోరగా వేయించిన శనగపిండి ఒక గ్లాసు, వేరుశనగ చెక్క దంచి జల్లించిన పొడి ఒక గ్లాసు. నిమ్మకాయంత బెల్లం గోరువెచ్చటి నీళ్ళలో కరిగించి, ఆ నీళ్ళతోనే కలుపు. పూరీ పిండి కంటే మెత్తగా, చపాతీ పిండి కంటే గట్టిగా రావాలి. తడిగుడ్డ కప్పి అరగంట వదిలెయ్. శనగపిండి పచ్చిది వేస్తే జిగట తేలి చేతికి అంటుకుంటుంది, వేయించడం అందుకే. పాతకాలం వాళ్ళు ముద్ద నిలవడానికి దూది పోగులు కలిపేవాళ్ళు. నేను కలపను. చేప దూది మింగడం నాకు నచ్చదు.

చెక్క ఎక్కడ దొరుకుతుందని అడుగుతావు. సూపర్ మార్కెట్లో దొరకదు. బెంగళూరులో కె.ఆర్.పురం వైపు పశువుల దాణా అమ్మే కొట్టుకి వెళ్ళి కన్నడంలో "కడలెకాయి హిండి" అని అడుగు. చెక్క అంటే వాళ్ళకి వేరే అర్థం వస్తుంది. తవుడుతో ఆ బాధ లేదు, వాళ్ళూ తౌడు అనే అంటారు. గోధుమ తవుడు కావాలంటే బూసా అనాలి. చెక్క కొనేటప్పుడు విరిచి చూడు. లోపల పచ్చగానో నల్లగానో బూజు కనిపిస్తే ఊరికే ఇచ్చినా తీసుకోకు. 1960లో ఇంగ్లండులో బూజు పట్టిన వేరుశనగ చెక్క తిని లక్షకు పైగా టర్కీ కోళ్ళు చచ్చిపోయాయి. ఆ బూజులో పుట్టే విషం ఉడికించినా పోదు.

బెంగళూరులో ఉన్నావు కాబట్టి రాగిముద్ద సంగతి కూడా చెప్పాలి. ఇక్కడివాళ్ళకి అది తిండే కాదు, ఎర కూడా. కావేరిలో మహశీర్ అనే చేపని పట్టినవాళ్ళు చాలామంది రాగిముద్దనే నమ్ముకున్నారు. మహశీర్ కూడా ఈ కుటుంబం చేపే, గొంతులో పళ్ళదే. రాగిపిండిని మరిగే నీళ్ళతో గట్టిగా కలిపి, నారింజకాయంత ఉండ చేసి, మరుగుతున్న నీళ్ళలో ఇరవై నిమిషాలు ఉడికించి, వేడి తగ్గాక మళ్ళీ బాగా పిసకాలి. రెండోసారి పిసకడంలోనే ఉంది పస. ఉడికిన పిండి అప్పుడే సాగుడు పట్టి గాలం ముల్లుని పట్టుకుంటుంది. చిన్న చేపలు పొడిచి పొడిచి ఎర ఊడగొట్టే చెరువులో ఇదే వాడు. కావేరి మూపురం మహశీర్‌ని మాత్రం పట్టాలని ఆశపడకు. 2018లో దాన్ని అంతరించిపోయే అంచున ఉన్న జాతుల జాబితాలో చేర్చారు, అది ఉండే చోట్లు చాలావరకు అభయారణ్యాలు.

గాలం ముద్ద ఒక్కటే చాలదు, మేతముద్ద వేరే ఉండాలి. నువ్వు డబ్బులు కట్టి కూర్చునే ప్రైవేటు చెరువులో చేపలకి రోజూ ఎవరో మేత వేస్తూనే ఉంటారు కదా. మన కైకలూరు చెరువుల్లో ఏం చేసేవాళ్ళో గుర్తుందా? సంచులకి చిల్లులు పొడిచి, తవుడూ చెక్కా నింపి, కర్రలకి వరసగా వేలాడదీసేవాళ్ళు. చిన్నప్పుడు ఒకసారి నిన్ను పడవలో కూర్చోబెట్టుకెళ్ళి చూపించాను. పడవ చప్పుడుకే చేపలు సంచుల కిందికి చేరిపోయేవి. ఆ చిల్లు దగ్గర మూతి పెట్టి లాక్కునేవి. నువ్వేమో సంచి పట్టుకుని వదలనని ఏడ్చావు. సంగతేమిటంటే, చేప ఏ మేతకి అలవాటు పడిందో దాన్నే నమ్ముతుంది. అందుకని ముందు చెరువు యజమానినో కాపలా మనిషినో అడుగు, ఏం మేత వేస్తున్నారని. తవుడంటే నీ మేతముద్దలో ముప్పాతిక వంతు తవుడే ఉండాలి. గుళికల మేతంటే గుప్పెడు గుళికలు అడిగి తెచ్చుకుని నానబెట్టి మెదిపి కలుపు. నా మటుకు నాకు ఈ ఒక్క ప్రశ్న డబ్బా ఎరలన్నిటికంటే ఎక్కువ చేపలిచ్చింది.

మేతముద్ద కొలత: తవుడు కిలో, రాత్రంతా నానబెట్టిన చెక్క అరకిలో, ఉడికించిన నూకలు రెండు గుప్పిళ్ళు. ఇంట్లో ముద్ద కట్టుకుని పోకు. అక్కడికెళ్ళాక ఆ చెరువు నీళ్ళే చిలకరించి, పిడికిట్లో నొక్కితే నిలిచేటట్టు, వేలితో తడితే విడిపోయేటట్టు చెయ్. ఇది గాలం ముద్దకి పూర్తిగా ఉల్టా: నీళ్ళలో పడ్డ అయిదారు నిమిషాలకి విచ్చిపోవాలి. నారింజకాయంతవి మూడు వెయ్, గంట ఆగు, మరొకటి వెయ్. తట్టలకొద్దీ కుమ్మరించకు. తినగా మిగిలింది అడుగున కుళ్ళి నీళ్ళలో ప్రాణవాయువుని తినేస్తుంది. 2016 మార్చిలో బెంగళూరు హలసూరు చెరువులో వేల చేపలు చచ్చి తేలాయి, ప్రాణవాయువు అందక. అక్కడ మురుగు చేసిన పనిని చిన్న చెరువులో మిగిలిపోయిన మేత చేస్తుంది. అన్నట్టు ఊరి చెరువుల్లో చేపల హక్కు చాలాచోట్ల కాంట్రాక్టుకి ఇస్తారు. అడగకుండా గాలం వేస్తే గొడవే. మురుగు కలిసే చెరువులో అయితే అడిగి కూడా వేయొద్దు.

గుగ్గిళ్ళు నీకు ఇష్టమే కదా, బంగారు తీగకీ ఇష్టమే. శనగలు రాత్రి నానబెట్టి మెత్తగా ఉడికించు. ఉప్పు వద్దు, పోపు అసలే వద్దు. మొక్కజొన్న గింజలైతే ఒక పగలూ రాత్రీ నానాలి, అరగంట పైన ఉడకాలి. తొందరపడి సగం ఉడికినవి వేయకు. ఎండు గింజ చేప పేగులో ఉబ్బితే దాని ప్రాణానికే ముప్పు. ఉడికిన నీళ్ళు పారబొయ్యకుండా గింజలు వాటిలోనే రెండు రోజులు మూతపెట్టి ఉంచితే, అమ్మమ్మ వాళ్ళ తరవాణి కుండ వాసనొస్తుంది చూడు, ఆ పులుపుకి చేపలు చుట్టూ చేరతాయి. అయితే ఇది అపార్టుమెంటు పని కాదు. నేను ఒకసారి నానిన చెక్క బాల్కనీలో మూడు రోజులు మర్చిపోయాను. పై ఫ్లాటాయన డ్రైనేజీ పైపు పగిలిందని ప్లంబర్ని పిలిపించాడు. ఆ ప్లంబరు వాసన పట్టుకుంటూ వచ్చి మా తలుపే కొట్టాడు. మీ అత్త ఆ గిన్నెని గిన్నెతో సహా బయట పారేసింది. ఆ రోజు నుంచి మా వంటింట్లోకి నా సామాను రాదు.

నువ్వు డబ్బాల్లో కొంటున్న గుండ్రటి ఉండలున్నాయే, అవీ ఇంట్లో అవుతాయి. మన ఉండ్రాళ్ళే అనుకో. బొంబాయి రవ్వ, సోయా పిండి సమానంగా కలిపి పెట్టుకో. నాలుగు గుడ్లు గిలక్కొట్టి, అందులో పిండి కొద్దికొద్దిగా వేస్తూ పో. గుడ్లకి ఎంత పిండి పడితే అంత, లెక్క పెట్టక్కర్లేదు. చేతికి అంటుకోవడం మానేసిందంటే చాలు. రేగుపండంత ఉండలు చుట్టి, మరిగే నీళ్ళలో రెండు నిమిషాలు ఉంచి, గుడ్డ మీద ఒక రాత్రి ఆరబెట్టు. గుడ్డు గట్టిపడి పైన తోలు కడుతుంది, చిన్న చేపలు పొడవలేవు. వీటిని ముల్లుకి గుచ్చరు, ముల్లు వెనక వెంట్రుకంత దారానికి గుచ్చి వదులుతారు. ముల్లు ఖాళీగా ఉంటుంది కాబట్టి చేప పీల్చి ఉమ్మేటప్పుడు పెదవికి దిగుతుంది. ఇంగ్లండు వాళ్ళు కనిపెట్టిన ఉపాయం, ఒప్పుకోవాల్సిందే.

వాసనలకి వస్తే సోంపు వేయించి పొడి చేసి ఒక చెంచా, లేదా చిటికెడు ఇంగువ. రెండూ కలపకు. బెంగాలీలు వేయించిన మెంతిపొడి వేస్తారు, చీమ గుడ్లు కూడా కలుపుతారు. మెంతులు నేనూ వాడతాను. చీమల జోలికి పోయే ధైర్యం లేదు. నూనె విషయంలో నేను చేసిన తెలివితక్కువ పని విను. ముప్పై ఏళ్ళ కిందట ఈ ఊరొచ్చిన కొత్తలో, డిసెంబరులో, కొల్లేరు లెక్కనే ముద్దలో కొబ్బరినూనె దండిగా పోశాను. తెల్లారి చెరువు దగ్గర మూత తీస్తే ముద్ద కొవ్వొత్తిలా బిగుసుకుపోయి ఉంది. కొబ్బరినూనె ఇరవై నాలుగు డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది, ఈ ఊరి చలికాలపు తెల్లవారు పదహారుకి దిగుతుంది. చలికాలంలో ఏ నూనే వద్దు, బెల్లం పాలు పెంచు. చల్లటి నీళ్ళలో చేప తిండి కూడా తగ్గిస్తుంది, మేతముద్దలు సగం చాలు.

ఇంకో సంగతి, దీన్ని చాలామంది పట్టించుకోరు. సాయంత్రం దోమలని చేతులకి ఆ క్రీము పూసుకుని అదే చేత్తో ముద్ద కలుపుతారు. చేపకి మన ముక్కు కంటే చాలా పదునైన ముక్కు ఉంది. క్రీము కాళ్ళకి రాసుకో. చేతులు చెరువు మట్టితో రుద్ది కడుక్కున్నాకే ఎర ముట్టుకో.

ఇప్పటిదాకా చెప్పింది అడుగున మేసే మోసుకీ బంగారు తీగకీ. ఈ బంగారు తీగ మన చేప కాదు తెలుసా. అద్దం పొలుసుల రకం 1939లో శ్రీలంక నుంచి నీలగిరికి వచ్చింది, ఇప్పుడు చెరువుల్లో ఉన్న రకం 1957లో బాంకాక్ నుంచి. బొచ్చె చేప లెక్క వేరు. దాని నోరు పైకి తిరిగి ఉంటుంది, పైనీళ్ళలో కంటికి కనపడని పురుగుల్ని వడగట్టుకుని తింటుంది. దానికి అడుగున వేసిన గుగ్గిళ్ళు కనపడను కూడా కనపడవు. మెత్తటి తవుడూ వేయించిన శనగపిండీ మాత్రమే ముద్ద చేసి, బెండు కింద రెండు మూడు అడుగుల్లో వేలాడదియ్యి. పొగలా రాలుతూ ఉండాలి. శీలావతి ఈ రెంటికీ మధ్య నీళ్ళలో తిరుగుతుంది, దానికి గాలం ముద్దే చాలు, లోతు మార్చుకుంటూ చూడు.

శనివారం సాయంత్రం మా ఇంటికి రా. చెక్క నేను తెచ్చి ఉంచుతాను, గ్లాసు పరీక్ష నా కళ్ళ ముందు చేద్దువుగాని. గిన్నె మాత్రం మీ ఇంటి నుంచే తెచ్చుకో, మూత ఉన్నది. మీ అత్త అడిగితే దోసెల పిండి అని చెప్పు.

మీ మావయ్య