చుక్కలు కనిపించే గుర్రపుశాల

ప్రశ్న: డాక్టర్ గారూ, ఐర్లండ్‌లో ఒక పాత ఎస్టేట్ యజమాని తన గుర్రాలకు జాతకాలు వేయించేవాడని, చంద్రుడి ప్రభావం, నక్షత్రాల ప్రభావం వాటి మీద పడాలని శాల పైకప్పుకు గాజు పెట్టించాడని చదివాను. ఇది నిజమేనా? నిజమైతే ఆ కప్పు వల్ల గుర్రాలకు ఏమైనా మేలు జరిగి ఉంటుందా? మా అబ్బాయి ఆర్కిటెక్చర్ చదువుతున్నాడు, వాడి కోసం కూడా అడుగుతున్నాను.
– ఒక పాఠకురాలు

జవాబు: నిజమేనమ్మా. మీరు చదివింది కిల్డేర్ కౌంటీలోని టల్లీ గురించి. బీరు వ్యాపారంలో బాగా సంపాదించిన కుటుంబానికి చెందిన విలియం హాల్ వాకర్ 1900లో ఆ ఎస్టేట్ కొని, అక్కడ రేసు గుర్రాల పెంపకం మొదలుపెట్టాడు. పిల్ల పుట్టగానే ఆ వేళ రాయించి జాతకం వేయించేవాడు. జాతకం బాగోలేదంటే ఆ పిల్లను అమ్మేసేవాడు, దాని తల్లిదండ్రులు ఎంత పేరున్నవైనా సరే. గుర్రాల గదుల పైకప్పు మధ్యలో కొంత భాగాన్ని పైకి లేపి గాజు పెట్టించాడు. ఇలాంటి దాన్ని లాంతరు కప్పు అంటారు. లోపల ఉన్న గుర్రానికి ఆకాశం నేరుగా తగలాలన్నది ఆయన కోరిక.

గ్రహాల సంగతి సూటిగా చెబుతాను. గుర్రం పరుగుకీ చుక్కలకీ ఏ సంబంధమూ లేదు. హాల్ వాకర్ పెంపకంలో పుట్టిన ప్రిన్స్ పాలటైన్ అనే గుర్రాన్ని ఆయన పిల్లగా ఉండగానే అమ్మేశాడు. అది వేరేవాళ్ల చేతికి వెళ్లి 1911లో సెయింట్ లెజర్ పందెం, 1912లోనూ 1913లోనూ ఆస్కాట్ గోల్డ్ కప్ పందెం గెలిచింది. టల్లీలో పుట్టిన మినోరునేమో రాజు ఏడవ ఎడ్వర్డ్‌కు లీజుకిచ్చాడు. అది 1909లో డెర్బీ గెలిచింది. రెండూ మేలైన గుర్రాలే. నన్నడిగితే ఆ ఘనత రక్తానిది, నేలది. టల్లీలో పారే నీటిలో సున్నం ఎక్కువ. ఆ నీటితో పెరిగిన గడ్డి మేసిన పిల్లకు ఎముక గట్టిపడుతుంది.

ఇక కప్పు. మీ అబ్బాయికి నేను చెప్పాలనుకుంటున్నది దీని గురించే. గుర్రానికి నోటితో గాలి పీల్చడం చేతకాదు, ఉన్నదంతా ముక్కే. పడక గడ్డిలో మూత్రం ఇంకి, కుళ్లి అమ్మోనియా పుడుతుంది. ఎండుగడ్డి దులిపితే దుమ్ము, బూజు లేస్తాయి. ఇవి రోజూ లోపలికి పోతుంటే ఊపిరితిత్తులు పాడవుతాయి, దగ్గు పట్టుకుంటుంది. రేసు గుర్రానికి దగ్గు వచ్చిందంటే ఆ సీజన్ పోయినట్టే. అయినా పాతకాలంలో చాలాచోట్ల శాలలను కావాలని మూసి వెచ్చగా ఉంచేవారు, బొచ్చు నున్నగా మెరుస్తుందని. బొచ్చు మెరిసేది, లోపల ఊపిరి చెడేది.

అందుకే నేను ఏ శాలకు వెళ్లినా ముందు గుర్రాన్ని చూడను. తలుపు దగ్గరే మోకాళ్ల మీద కూర్చుని, మొహం పడక దాకా వంచి గాలి పీలుస్తాను. నిలబడితే తెలియని ఘాటు అక్కడ కళ్లల్లోంచి నీళ్లు తెప్పిస్తుంది. పుట్టిన పిల్ల పడుకునేది ఆ ఎత్తులోనే. శాల చూడటానికి వచ్చే యజమానులు ఎవరూ వంగరు, అందుకని వాళ్లకు అన్నీ బాగానే కనిపిస్తాయి.

గుర్రం ఒంటి వేడికి గాలి వెచ్చబడి పైకి లేస్తుంది. కప్పు ఎత్తుగా ఉండి, కొప్పు దగ్గర దారి ఉంటే బయటికి పోతుంది. దాని చోటులోకి కింది నుంచి చల్లగాలి వస్తుంది. దారి లేకపోతే ఆ తేమ కప్పుకు తగిలి చల్లబడి, చుక్కలుగా మళ్లీ గుర్రం మీదే పడుతుంది. పైకి లేపిన కప్పు పక్కల్లో గాలికి సందులు వదిలితే, ఒక్క ఫ్యాన్ లేకుండా రాత్రంతా ఈ పని జరుగుతుంది. పైగా వెలుతురు నడినెత్తి నుంచి పడుతుంది కాబట్టి మూలల్లో చీకటి ఉండదు. నేను గిట్ట ఎత్తి చూడాలన్నా, పిల్ల చిగుళ్ల రంగు చూడాలన్నా అలాంటి వెలుతురు కావాలి. జాతకం పిచ్చి లేని మనిషి కట్టినా నేను ఈ కప్పునే మెచ్చుకునేవాణ్ని.

గాజులోంచి పడే ఆ వెలుగు గురించి ఒక్క మాట మాత్రం స్పష్టంగా చెప్పాలి. పగలు పెరిగే కాలంలోనే ఆడగుర్రం ఎదకు వస్తుంది. ఉత్తరార్ధగోళంలో రేసు గుర్రాలన్నిటికీ లెక్కలో పుట్టినరోజు జనవరి 1. కాబట్టి తోటి గుర్రాల కంటే చిన్నదైపోకుండా పిల్ల ఏడాది మొదట్లోనే పుట్టాలని అందరికీ తొందర. చూడి 11 నెలలు. ఎద ముందుకు జరగాలని ఇప్పుడు డిసెంబర్ మొదటి నుంచి గదిలో దీపం పెట్టి రోజుకు 16 గంటల వెలుగు ఇస్తున్నారు. గాజు కప్పు ఆ పని చేయలేదు. డిసెంబర్‌లో కిల్డేర్‌లో నాలుగు దాటితే పొద్దుగూకుతుంది.

పుట్టిన వేళ రాయించడం మాత్రం నాకు చాలా నచ్చింది. గుర్రాలు ఎక్కువగా రాత్రిపూట ఈనుతాయి. పిల్ల గంటలో లేచి నిలబడాలి, రెండు గంటల్లో పాలు తాగాలి, మూడు గంటల్లో తల్లికి మాయ పడాలి. ఏది ఆలస్యమైనా నాకు ఫోన్ రావాలి. వేళ రాసి లేకపోతే, ఎంత ఆలస్యమైందో ఎవరు చెబుతారు? ‘తెల్లారుజామున ఎప్పుడో’ అని విన్నప్పుడల్లా నాకు టెన్షనే. ప్రతి ఈనే గది గోడకు ఒక గడియారం ఉండాలి. ఆ గది కూడా మామూలు 12 అడుగుల చదరం చాలదు. 16 అడుగులుంటే తల్లి పడుకుని పొర్లినా కాళ్లు గోడకు ఇరుక్కోవు.

1915లో హాల్ వాకర్ తన గుర్రాలను బ్రిటిష్ ప్రభుత్వానికి ఇచ్చేశాడు. ప్రభుత్వం ఆ నేలను తీసుకుని అక్కడే నేషనల్ స్టడ్ అనే గుర్రాల పెంపక కేంద్రాన్ని నడిపింది. 1943లో అది ఐర్లండ్ చేతికి వచ్చింది. ఇప్పుడు ఐరిష్ నేషనల్ స్టడ్‌గా నడుస్తోంది. సందర్శకులను రానిస్తారు.

ప్రశ్న: యూరప్‌లో చూడదగ్గ గుర్రపుశాల ఒక్కటే చెప్పమంటే ఏది చెబుతారు? షాంటిల్యీయేనా?
– మరో పాఠకుడు

జవాబు: ఫ్రాన్స్‌లోని షాంటిల్యీ శాల అందం గొప్పదే. 1719లో మొదలుపెట్టి ఝాన్ ఓబేర్ కట్టాడు, పొడవు 186 మీటర్లు. కానీ అది వేట గుర్రాల కోసం, వేటకుక్కల కోసం కట్టింది. పెంపకం చూడాలంటే చెక్ దేశంలోని క్లాద్రుబీ వెళ్లండి. 1579 నుంచి అక్కడ రాజరథాలకు గుర్రాలను పెంచుతున్నారు. 2019లో యునెస్కో గుర్తింపు ఇచ్చినప్పుడు శాలలకే కాదు, చుట్టూ ఉన్న పచ్చిక బయళ్లకు, చెట్ల బారులకు, కాలువలకు కూడా కలిపి ఇచ్చింది. గుర్రం రోజులో ఎక్కువ భాగం ఉండాల్సింది శాల బయటే కాబట్టి, వైద్యుడిగా ఆ నిర్ణయానికి నా ఓటు. వెళితే రెండు పూటలు పెట్టుకోండి, తెల్ల గుర్రాల మందను మేతకు తోలే వేళ తప్పిపోకుండా.