మన దేశంలో ఏఐని నిజంగా ఎవరు అదుపు చేస్తున్నారు?

ఏఐకి మన దగ్గర ప్రత్యేక చట్టమే లేదు కదా, మరి దాన్ని ఎవరు చూసుకుంటున్నట్టు అని అడిగారు. నా లెక్కలో అయితే కౌంటర్ వెనక కూర్చున్న గుమాస్తా. నవ్వకండి.

మా నాన్నకి 74 ఏళ్ళు, రైల్వేలో చేసి రిటైరయ్యారు. మొన్న నవంబరులో పెన్షన్‌కి లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. ఇప్పుడు ఫోన్‌కి మొహం చూపిస్తే చాలు, ఏఐనే గుర్తుపట్టేస్తుంది అని నెట్ సెంటర్ కుర్రాడు కూర్చోబెట్టాడు. చిక్కేమిటంటే నాన్న అంతకు వారం ముందే తిరుమలలో గుండు చేయించుకున్నారు, దాంతోపాటు నలభై ఏళ్ళ మీసం కూడా పోయింది. "కళ్ళు ఆర్పండి తాతగారూ, ఇంకోసారి ఆర్పండి" అంటూ పదిసార్లు తీశాడు. కళ్ళజోడు పెట్టి, తీసి, ట్యూబ్‌లైట్ కింద, గుమ్మంలో ఎండకి నిలబెట్టి చూశాడు, ఊహూ. "ఎదురుగానే ఉన్నా కదరా, నేను బతికున్నానని ఇది ఒప్పుకోవాలా?" అని నాన్న కేకలు. చివరికి బ్యాంకుకి తీసుకెళ్తే అక్కడి మేడమ్ ఓసారి మొహంలోకి చూసి, పాత కాగితం ఫారం మీద సంతకం పెట్టించుకుని పంపేశారు. ఆ కాగితం దారి కూడా మూసేసి ఉంటే డిసెంబరులో పెన్షన్ ఆగేది.

ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వం సంగతా? 2024 మార్చి 1న, పరీక్షలు పూర్తికాని ఏఐ మోడళ్ళకి ముందు ప్రభుత్వ అనుమతి తీసుకోవాలన్నారు, అంతా గోల చేసేసరికి 15న ఆ షరతు ఎత్తేశారు. 2025 నవంబరులో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా కొత్త చట్టం ఇప్పట్లో అక్కర్లేదు, ఉన్నవాటితోనే నడుపుదాం అన్నాయి. దాని మీద నాకు పెద్ద కోపం లేదు. మెషీన్ తప్పు చెబితే ఎవరి బల్ల దగ్గరికి వెళ్ళాలో తెలియకపోవడం మీదే నా కోపమంతా. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసినా ఇదే తంతు, మనిషితో మాట్లాడాలంటే ఏది నొక్కాలో చెప్పి చావదు.

తెలంగాణలో సమగ్ర వేదిక అని, రకరకాల శాఖల డేటా కలిపి ఎవరు అర్హులో చూసే సాఫ్ట్‌వేర్ ఉంది. లేని కారు ఉందని అది చూపించడంతో రేషన్ కార్డు పోయినవాళ్ళున్నారు. 2016 నుంచి రద్దయిన సుమారు 19 లక్షల కార్డుల్ని క్షేత్రస్థాయిలో మళ్ళీ పరిశీలించమని 2022లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. చూశారా, మళ్ళీ మనిషే వెళ్ళి తలుపు తట్టాలి.

ఇక మా ఇంట్లో నియంత్రణ అంటారా, ఈ ఏడాది మొక్కులేమైనా ఉంటే డిసెంబరులో తీర్చుకుందామని అమ్మ అప్పుడే తేల్చేసింది.