ఆ బోల్టు విప్పే ముందు, బిడ్డా

బిడ్డా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. ముందు బియ్యం సంగతి, తర్వాత మోకాళ్ల నొప్పుల సంగతి చెప్పి, చివరకు మెల్లగా అసలు మాట బయటపెట్టింది. "అన్నా, అది కారు కిందికి దూరి గేర్ ఆయిల్ తనే మారుస్తదట. నువ్వన్నా చెప్పు" అన్నది. చెప్తాలే అని ఫోన్ పెట్టేశాను గానీ నిద్ర పట్టలేదు. సగం భయం, సగం సంతోషం. ఎండాకాలం సెలవులకు నల్లగొండ వచ్చి, షెడ్డులో పాత టైరు మీద కూర్చొని, నేను చెయ్యి చాపితే చాలు పన్నెండు-పదమూడు పానా, పద్నాలుగు-పదిహేను పానా తడుముకోకుండా అందించిన పిల్లవు నువ్వే కదా. అప్పుడు నీకు ఎనిమిదేళ్లు. నా దగ్గర పని నేర్చుకున్న పోరగాళ్లు ఒక్కరూ అంత తొందరగా నంబర్లు పట్టలేదు. ఫోన్‌లో చెప్తే నేను సగం మరిచిపోతాను, నువ్వు సగం వినవు. అందుకే రాస్తున్నాను.

ముందు నీ ప్రశ్న. మార్చాలా వద్దా అంటే, మార్చు.

సర్వీసు వాళ్లు బండి ఉన్నన్నాళ్లూ అదే ఆయిల్ నడుస్తుందన్నారట. మీ కాలేజీలో ఒక సారు బాగున్న గేర్ బాక్సును కెలకొద్దన్నాడట. ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది. ఇంజిన్ ఆయిల్‌లాగా గేర్ ఆయిల్ మంట దగ్గరికి పోదు. దాంట్లో మసి కలవదు, పెట్రోల్ కలవదు. అందుకే పదివేల కిలోమీటర్లకోసారి మార్చే పని లేదు. కానీ నువ్వు గేర్ వేసిన ప్రతిసారీ లోపల సింక్రో రింగు పోయి గేర్‌ను ఒరుసుకుంటుంది. ఒకటి జోరుగా, ఒకటి మెల్లగా తిరిగే వాటిని ఒక్క వేగానికి తెచ్చేది ఆ ఒరిపిడే. దాంట్లో రాలిన సన్నటి పొడి ఎక్కడికి పోతుంది చెప్పు? మన చిన్న కార్లలో ఇంజిన్‌కు ఉన్నట్టు గేర్ బాక్సుకు ఫిల్టర్ ఉండదు. ఆ పొడంతా ఆ రెండు లీటర్ల నూనెలోనే, ఆ బేరింగుల మీదుగానే ఏళ్ల తరబడి తిరుగుతుంటుంది. నీ బండి 86,000 కిలోమీటర్లు తిరిగింది. నువ్వు మూడో ఓనరువు. ముందున్న ఇద్దరూ మార్చినట్టు ఒక్క కాగితం లేదు. ఏ వానకాలం ఏ వాగులో నిలబడిందో, లోపలికి నీళ్లు పోయాయో కూడా మనకు తెలియదు. ఇన్ని తెలియని బండికి ఒక్కసారి పాతది తీసి కొత్తది పోస్తే మనసు నిమ్మళంగా ఉంటుంది.

అయితే పొద్దున పూట రెండో గేర్ గట్టిగా పడుతున్నదని మారుస్తున్నానన్నావట. చల్లటి పూట బిగువైతే కొత్త నూనెతో తగ్గవచ్చు. బండి బాగా వేడెక్కాక కూడా రెండోది గర్రుమంటే మాత్రం అది సింక్రో అరుగుదల. నూనె దానికి మందు కాదు. రివర్స్ కూడా గర్రుమంటున్నదా? క్లచ్ పూర్తిగా తొక్కి, మూడు నాలుగు సెకన్లు ఆగి వేసి చూడు. అప్పుడూ గర్రుమంటే క్లచ్ సరిగ్గా విడవడం లేదు, ముందు దాని సంగతి చూడాలి. డబ్బు పెట్టి నూనె పోసి, గేర్ బాగుపడలేదని బాధపడొద్దు.

నూనె కొనేటప్పుడు షాపువాడు చెప్పింది కాదు, బండితో వచ్చిన పుస్తకంలో ఉన్నది కొను. కొన్ని కంపెనీలు గేర్ బాక్సులో ఇంజిన్ ఆయిలే పోయమంటాయి, కొన్ని ఏటీఎఫ్, అంటే ఆటోమేటిక్ గేర్ బాక్సుల్లో పోసే నూనె, పోయమంటాయి. గేర్ ఆయిలే అయితే డబ్బా మీద రెండు సంగతులు చూడాలి. ఒకటి నూనె చిక్కదనం చెప్పే 75డబ్ల్యూ-90 లాంటి అంకె. 90 అని చూసి ఇంజిన్ ఆయిల్ 40 కంటే రెండింతలు చిక్కన అనుకోకు, ఆ కొలత వేరు, ఈ కొలత వేరు. రెండోది నూనె రకం, జీఎల్-4 అనో జీఎల్-5 అనో ఉంటుంది. ఐదు నాలుగు కంటే పెద్దది కాబట్టి మంచిదని షాపులో అంటగడతారు. జీఎల్-5లో గంధకం, భాస్వరం కలిపిన మందులు ఎక్కువ. జీపు వెనక ఇరుసులో ఉండే క్రౌన్ పినియన్‌కు అది కావాలి, అక్కడ పళ్లు ఒకదానిమీద ఒకటి బరువుగా జారుతాయి. సింక్రో రింగులు చాలా బండ్లలో ఇత్తడివి. ఆ మందులు కొన్ని ఇత్తడిని తింటాయి. పైగా నూనె మరీ జారుడైతే రింగుకు పట్టు దొరకదు, కొత్త నూనె పోశాకే గేర్ గర్రుమంటుంది. పుస్తకం నాలుగంటే నాలుగే తేవాలి.

జాకీ గురించి ఒక్కటే మాట. జాకీ మీద నిలబడ్డ బండి కిందికి నువ్వు పోవద్దు. తల కాదు, చెయ్యి కూడా పెట్టొద్దు. మీ కిరాయి ఇంటి ముందు ఎర్రమట్టి నేల నేను చూశాను. రాత్రి ఒక్క వాన పడితే చాలు, పొద్దున జాకీ కాలు దిగబడిపోతుంది. నా తోటి పనివాడొకడు ఇట్లాగే 'రెండు నిమిషాల పనే కదా' అని దూరాడు. కాలు పోయింది. ఆ రోజు బండి ఎత్తి పట్టుకున్న నలుగురిలో నేనొకణ్ని. ఇంతకంటే చెప్పలేను.

ఇప్పుడు అసలు సంగతి. దీన్ని మీ అమ్మకు కూడా ఎప్పుడూ చెప్పలేదు.

1989. నాకప్పుడు ఇరవై నాలుగేళ్లు. నల్లగొండలో గడియారం స్తంభం దగ్గర మా ఉస్తాద్ షెడ్డులో పని. అంబాసిడర్లు, ఫియట్లు, జీపులు కళ్లు మూసుకొని విప్పేవాణ్ని. వాటిలో ఇంజిన్ ముందు, దాని వెనక గేర్ బాక్సు. ఏ బోల్టు దేనిదో వెతికే పనే లేదు. మారుతి 800లు అప్పుడప్పుడే మా ఊళ్లో కనిపిస్తున్నాయి. వాటిలో ఇంజిన్ అడ్డంగా ఉంటుంది, గేర్ బాక్సు దాని పక్కనే అతుక్కొని ఉంటుంది. రెండింటికీ కింద బోల్టులే.

శుక్రవారం మధ్యాహ్నం, ఉస్తాద్ నమాజుకు పోయాడు. ఒక హైస్కూలు సారు తన మారుతి తెచ్చాడు. తెల్లారి బిడ్డకు హైదరాబాదులో ఉద్యోగం ఇంటర్వ్యూ. ఇంజిన్ ఆయిల్ మార్చమన్నాడు. ఉస్తాద్ వచ్చేదాకా ఆగండని అనాలి. నేను అనలేదు, నాకు పని వచ్చు కదా అనుకున్నాను. బండి కింద పని చేసే గుంతలోకి దిగి కనిపించిన బోల్టు విప్పాను.

నూనె వచ్చింది. తేనె రంగులో, తేటగా వచ్చింది. అయిదు వేలు తిరిగిన ఇంజిన్ ఆయిల్ ఎక్కడన్నా తేనె రంగులో ఉంటుందా? నల్లగా, నీళ్లలాగా పారాలి. పైగా ముక్కు పుటాలు అదిరేటట్టు గంధకం వాసన. రంగు నా కళ్ల ముందే ఉంది, వాసన నా ముక్కులోనే ఉంది. సారు బండిని ఎంత బాగా పెట్టుకున్నాడో అనుకున్నాను. బోల్టు బిగించి, పైన ఇంజిన్ మూత తీసి ఇంచుమించు మూడు లీటర్లు పోశాను. నేను ఖాళీ చేసింది గేర్ బాక్సును, పోసింది అప్పటికే నిండుగా ఉన్న ఇంజిన్‌లో. ఆయిల్ కడ్డీ ఒక్కసారి తీసి చూసినా దొరికిపోయేది. సారు గడియారం చూసుకుంటున్నాడని అదీ చూడలేదు.

తెల్లారి ఆరింటికి వాళ్లు బయలుదేరారు. నార్కట్‌పల్లి దాటేసరికి వెనక నుంచి నీలం కలిసిన తెల్లపొగ. చిట్యాలకు వచ్చేసరికి కింది నుంచి సన్నగా ఈలలాంటి శబ్దం. నెమ్మదిగా పోతే చేరతామనుకున్నాడట సారు. చౌటుప్పల్ రాకముందే గేర్ బాక్సు పట్టేసింది. రోడ్డు పక్కన నిలబడి బస్సెక్కి హైదరాబాదు చేరేసరికి పదకొండు దాటింది. తొమ్మిదిన్నరకు పేరు పిలిచారు, రాలేదని కొట్టేశారు.

ఉస్తాద్ నన్ను తిట్టలేదు. గుంతలోకి దింపి నా వేలు పట్టుకొని ఒక బోల్టు మీద పెట్టాడు, తర్వాత రెండో దాని మీద పెట్టాడు. పైకి వచ్చాక ఒక బొటనవేలికి ఇంజిన్ ఆయిల్, ఒక దానికి గేర్ ఆయిల్ రాసి వాసన చూడమన్నాడు. ఎనిమిది నెలలు నా కూలిలో కోసి ఆ గేర్ బాక్సు బాగు చేయించాడు, మిగతాది తన జేబులోంచి పెట్టాడు. నేను సారు ఇంటికి పోయి గడపలో నిలబడ్డాను. ఆ అమ్మాయే మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. ఒక్క మాట అనలేదు. తనకు మళ్లీ ఉద్యోగం రావడానికి రెండేళ్లు పట్టింది. ఆ గ్లాసు నా చేతిలో ఇప్పటికీ బరువుగానే ఉంది బిడ్డా.

నువ్వు కూడా ఉద్యోగం చేసుకునే పిల్లవు, పొద్దున్నే జడ్చర్ల పోవాల్సినదానివి. అందుకే నీ బండి కింద ఏ బోల్టు దేనిదో తేలకుండా పానా పెట్టడం నాకు ఇష్టం లేదు. వీడియోలో చూపించేది వేరే బండి అయి ఉండవచ్చు.

తెలిశాక కూడా ముందు కింది బోల్టు విప్పకు. పక్కన ఉండే నింపే బోల్టు ముందు కదిలించి చూడాలి. అది తుప్పు పట్టి రాకపోతే, దాని తల అరిగిపోతే, నూనె కారిపోయిన బండి ముందు చేతులు కట్టుకొని కూర్చోవాలి. అది వస్తేనే కిందిది. పదిహేను కిలోమీటర్లు నడిపి తెస్తే నూనె వెచ్చబడి పొడితో సహా దిగుతుంది. కింది బోల్టుకు అయస్కాంతం ఉంటే దాని మీద బూడిద రంగు మెత్తటి గుజ్జు కనిపిస్తుంది. భయపడకు, అది మామూలే. వేళ్లతో రాస్తే గుచ్చుకునే ముక్కలు ఉంటేనే నాకు చూపించు. నూనె పాలు కలిపిన చాయ్ రంగులో ఉంటే లోపలికి నీళ్లు పోయినట్టు. రెండు బోల్టులకూ కొత్త వాచర్లు వెయ్యాలి. గేర్ బాక్సు అల్యూమినియంది, పానా మీద వేలాడితే మరలు ఊడి వస్తాయి. బండి నాలుగు చక్రాలూ సమంగా ఉండాలి, నింపే రంధ్రం అంచు నుంచి నూనె పొర్లేదాకా పోసి బిగించాలి. పాత నూనె మీ ఇంటి వెనక కాలువలో పోశావంటే ఊరుకోను. డబ్బాలో పట్టి ఉంచు, పాత ఆయిల్ తీసుకునే చోట ఇద్దాం.

పండుగ తర్వాత అందరూ శ్రీశైలం పోతామన్నారని మీ అమ్మ చెప్పింది. మన్ననూరు దాటాక అడవి, ఆ తర్వాత డ్యాం దాకా మలుపుల దిగుడు. అక్కడ బ్రేకు మీద కాలు పెట్టి కూర్చుంటే బ్రేకులు వేడెక్కి పట్టు తప్పుతాయి. రెండో గేర్‌లో దించాలి. ఆ రెండో గేర్ నమ్మకంగా పడాలి, పడ్డది ఊడకుండా ఉండాలి. ఆ బండిలో మా చెల్లె కూర్చుంటుంది, నువ్వు కూర్చుంటావు. నా టెన్షన్ అంతా అది.

ఆదివారం పొద్దున బస్సుకు దేవరకొండ, కల్వకుర్తి మీదుగా వస్తాను. జడ్చర్ల రోడ్డులో నా దగ్గర పని నేర్చుకున్న పిల్లగాడి షెడ్డు ఉంది, గుంత ఉంది. గుంతలోకి నువ్వే దిగు, పానా నువ్వే పట్టు. నేను పైన నిలబడతాను, ఈసారి అందించేది నేను. అప్పటిదాకా ఏమీ విప్పకు. బండి పుస్తకంలో గేర్ ఆయిల్ రాసి ఉన్న పేజీ ఫోటో తీసి ఇయ్యాలే పంపు. దాన్ని చూసి ఇక్కడే రెండున్నర లీటర్లు, రెండు వాచర్లు కొనుక్కొని వస్తాను. పాత గుడ్డలు నాలుగు తీసి పెట్టు, పొడుగు గొట్టం ఉన్న గరాటు నా దగ్గర ఉంది.

మీ అమ్మకు ఫోన్ చేసి మామ వస్తున్నాడని చెప్పు. ఆమె కూడా రాత్రి నిద్ర పోయి ఉండదు.

నీ మేనమామ