ఓట్స్ డబ్బా మీది తాతగారు

ప్రశ్న: అమ్మా, మా మనవడు ఓట్స్ డబ్బా మీద టోపీ పెట్టుకున్న తాతగారిని చూపించి ఈయన ఎవరని అడిగాడు. క్వేకర్ అన్నది మనిషి పేరా, మతం పేరా? మీరు ఇంగ్లండులో మీ అమ్మాయి దగ్గర ఉన్నప్పుడు వాళ్ల మందిరానికి వెళ్లినట్లు ఒకసారి రాశారు.
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, రాజమహేంద్రవరం

జవాబు: మాస్టారూ, ఆ తాతగారు ఎవరూ కారు. క్వేకర్ అన్నది ఇంగ్లండులో పుట్టిన ఒక క్రైస్తవ సంఘంవారి పేరు. వాళ్లు నిజాయితీపరులని లోకంలో పేరుంది కదా అని, 1877లో అమెరికాలోని ఒహాయోలో ఒక మిల్లు వాళ్లు ఆ వేషాన్నీ పేరునూ తమ సరుకుకు గుర్తుగా పెట్టుకున్నారు. ఓట్స్‌కూ ఆ సంఘానికీ చుట్టరికం లేదు. మీ మనవడు తినే చాక్లెట్‌కు మాత్రం ఉంది. కాడ్‌బరీ కంపెనీ పెట్టిన కుటుంబం అసలు సిసలు క్వేకర్లది.

క్వేకర్ అన్న మాటకు అర్థం వణికేవాడు. 1650లో ఆ సంఘానికి మూలపురుషుడైన జార్జి ఫాక్స్ అనే యువకుణ్ణి డెర్బీ పట్టణంలో న్యాయాధికారుల ముందు నిలబెట్టారు. దేవుని మాట వింటే వణకాలి అని వాళ్లకే ఆయన బోధించాడు. వారిలో ఒకరు ‘ఓహో, వణుకుగాళ్లా మీరు’ అని వెక్కిరించారు. ఆ వెక్కిరింతే పేరుగా నిలిచింది. తమలో తాము మాత్రం ‘మిత్రులు’ అని పిలుచుకుంటారు.

నేను వెళ్లింది కెండల్ ఊళ్లోని మందిరానికి. పాట లేదు, ప్రసంగం లేదు, పాస్టరు లేరు. ఒకరికొకరు ఎదురుగా గంటసేపు మౌనంగా కూర్చోవడమే ఆరాధన. చెప్పాలన్న ప్రేరణ కలిగినవారు లేచి చెబుతారు. ఆ రోజు ఒక పెద్దావిడ లేచి నాలుగు మాటలు చెప్పి కూర్చున్నారు, అంతే. చివర ఇద్దరు పెద్దలు చేతులు కలిపితే ఆరాధన ముగిసినట్లు. నాకు మొదటి పావుగంట మోకాళ్ల నొప్పి తప్ప మరేమీ తోచలేదని దాచకుండా చెబుతున్నాను.

ఆ మందిరంలోనే ఒక ప్రదర్శన ఉంది. 1981లో టాంటన్ ఊళ్లో ఒక పిల్లవాడి మాటతో ఆన్ విన్-విల్సన్ అనే టీచరమ్మకు, తమ చరిత్రను గుడ్డ మీద కుట్టాలన్న ఆలోచన వచ్చిందట. 15 దేశాల నుంచి దాదాపు 4,000 మంది, పిల్లలూ మగవాళ్లూ సహా, పదిహేనేళ్లపాటు కుట్టారు. మొత్తం 77 తెరలు. పేరుకు టాపెస్ట్రీ, అంటే బొమ్మలు నేసిన తెర, అంటారు గానీ అది నేత కాదు, ఊలు గుడ్డ మీద ఊలు దారంతో చేసిన కుట్టుపని. మాది నరసాపురం. లేసు అల్లే చేతులను చిన్నప్పటి నుంచి చూసినదాన్ని కనుక బొమ్మలకంటే అక్షరాల దగ్గరే ఎక్కువసేపు నిలబడ్డాను. అక్షరాలు పొందికగా రావడానికి వాళ్లు ఒక కొత్త కుట్టునే కనిపెట్టుకున్నారు.

ప్రశ్న: క్వేకర్లు పూర్వం సమాధులకు రాళ్లు కూడా పెట్టేవారు కారని చదివాను. అలాంటివారి చరిత్ర ఇంత వివరంగా ఎలా మిగిలింది?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: మంచి ప్రశ్న వేశారమ్మా. చచ్చిపోయాక గొప్పవాడికో రాయి, పేదవాడికో రాయి ఎందుకని 1717లో లండన్ వార్షిక సభ వాళ్లు ఉన్న రాళ్లనే తీసేయమన్నారు. అందరికీ ఒకే తీరు చిన్న రాయికి 1850లో గానీ అనుమతి రాలేదు. రాయి లేదు కనుక కాగితమే దిక్కయింది. ఎవరు పుట్టారు, ఎవరు ఎవరిని పెళ్లాడారు, ఎవరిని ఎక్కడ పూడ్చారు, అన్నీ చిట్టాల్లోకి ఎక్కాయి. పెళ్లిపత్రం మీద వధూవరులే కాదు, వచ్చినవారందరూ సంతకం చేస్తారు. ఒక్క పత్రం దొరికితే ఆ నాటి ఊరంతా దొరికినట్లే. ఆ పాత చిట్టాలను 1840 చట్టం తర్వాత ప్రభుత్వానికి అప్పగించారు. ఇప్పుడవి లండన్‌లో క్యూ అనే పేటలో ఉన్న జాతీయ పత్రాగారంలో ఉన్నాయి.

వీటిని చదివేవారికి ఒక గొయ్యి ఉంది, చెబుతాను. నెలల పేర్లలో రోమన్ దేవతలున్నారని వాళ్లు ‘మొదటి నెల’, ‘రెండో నెల’ అనే రాసేవారు. ఇంగ్లండులో 1752 వరకు కొత్త సంవత్సరం మార్చిలో, మన ఉగాది దరిదాపుల్లో మొదలయ్యేది. కనుక పాత చిట్టాలో మొదటి నెల అంటే మార్చి. జనవరి అనుకుని వంశవృక్షం గీస్తే పెళ్లికి ముందే పిల్లలు పుట్టేస్తారు!

ఇంకో రకం పుస్తకాలకు ‘బాధలు’ అని పేరు. ప్రభుత్వ చర్చికి దశమభాగం, అంటే రాబడిలో పదోవంతు, కట్టనందుకు వీళ్ల ఆవునో, గొర్రెనో, తగరపు పళ్లేన్నో జప్తు చేసేవారు. ఎవరి ఇంట్లో, ఎవరు, ఏ వస్తువు, ఎంత ఖరీదుది పట్టుకుపోయారో రాసి లండన్‌కు పంపేవారు. అలా పెద్ద పుస్తకాలు 44 పోగయ్యాయి. ఏడుపు కోసం రాసిందే అయినా, అప్పటి మామూలు రైతు ఇంట్లో ఏముండేదో తెలిపే పట్టిక ఇంతకంటే మంచిది దొరకదు. మన కరణాల కవిలెలు ఎన్ని చెదలకు పోయాయో తలచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

నన్ను పూర్తిగా పడగొట్టింది మాత్రం 1673 నాటి ఒక నిర్ణయం. మిత్రులు రాసిన ప్రతి పుస్తకం రెండేసి ప్రతులు, మిత్రులకు వ్యతిరేకంగా రాసిన ప్రతి పుస్తకం ఒక్కో ప్రతి సేకరించి భద్రపరచాలని లండన్‌లో పెద్దలు రాసుకున్నారు. తిట్టినవాడికీ బీరువాలో చోటు! యూస్టన్ స్టేషన్ ఎదుట ఉన్న వాళ్ల గ్రంథాలయం ఆ మాట మీదనే పుట్టింది.

నేను పనిచేసిన ఒక గ్రంథాలయంలో చోటు చాలక, ఒక ఊరి పెద్దమనిషిని దుమ్మెత్తిపోసిన పాత కరపత్రాల కట్టను చిత్తుకాగితాల కింద అమ్మేశాం. సంతకం నాదే. పదేళ్లకు ఒక పరిశోధక విద్యార్థి వచ్చి వాటికోసమే అడిగాడు. పొగడ్తల సంచికలు మాత్రం నాలుగు ప్రతులు చూపించగలిగాను.

ప్రశ్న: మా చర్చికి నూరేళ్లు నిండుతున్నాయి, సంచిక వేస్తున్నాం. పాత మినిట్స్ పుస్తకంలో ఒక కుటుంబాన్ని వెలివేసిన సంగతి నాలుగు పేజీలుంది. వారి మనవరాలు ఈ ఊళ్లోనే ఉన్నారు. ఆ పేజీలు తీసేద్దామని కొందరు పెద్దలంటున్నారు. క్వేకర్లయితే ఏం చేసేవారు?
– ఒక సంఘ కార్యదర్శి, గుంటూరు జిల్లా

జవాబు: వాళ్లూ మనుషులే నాయనా, కొట్టివేతలు వాళ్లకూ తెలుసు. జార్జి ఫాక్స్ చనిపోయాక 1694లో ఆయన ఆత్మకథను అచ్చు వేసినప్పుడు, థామస్ ఎల్‌వుడ్ అనే మిత్రుడు ఇబ్బంది అనిపించినవి చాలా తీసి చక్కబెట్టాడు. కానీ చేతిరాతను చింపలేదు. అందుకే 1911లో ఉన్నది ఉన్నట్లు అచ్చు వేయడం సాధ్యమైంది. సంచికలో ఏం వేయాలో మీ ఇష్టం. పుస్తకంలోంచి చింపడం మాత్రం ఎవరి ఇష్టమూ కాదు.

ఇంకోటి వినండి. 1688లో అమెరికాలోని జర్మన్‌టౌన్‌లో నలుగురు, మనుషులను కొనడం అమ్మడం తప్పని ఒక కాగితం రాసి తమ సభకు ఇచ్చారు. అప్పట్లో క్వేకర్లలోనే బానిసలున్నవారు ఉన్నారు. కాగితం కింది సభ నుంచి పై సభకు, అక్కడి నుంచి వార్షిక సభకు వెళ్లింది. దీనిపై తీర్పు చెప్పడం మాకు తగదని వాళ్లు పక్కన పెట్టేశారు. బానిసలు ఉన్నవారికి సభ్యత్వం లేదని ఫిలడెల్ఫియా సభ తేల్చడానికి 1776 దాకా పట్టింది. ఆ కాగితం కనబడకుండా పోయి 1844లో దొరికింది. మళ్లీ పోయి 2005లో ఫిలడెల్ఫియాలోని ఒక మందిరం భోషాణంలో దొరికింది. ఇప్పుడు హేవర్‌ఫర్డ్ కాలేజీలో ఉంది. పక్కన పెట్టామని రాసుకున్న మినిట్స్‌ కూడా ఉన్నాయి. వాళ్ల పరువు తీసే వాక్యం అది, ఎవరూ చెరపలేదు.

ఇక పని సంగతి. పేజీలకు సెల్లోటేపు అంటించవద్దు, లామినేషన్ అసలే వద్దు. పేజీ నంబర్లు పెన్సిల్‌తో వేయండి. పగటి వెలుతురులో ప్రతి పేజీనీ ఫోనుతో ఫోటో తీసి రెండు చోట్ల దాచండి. పుస్తకాన్ని గోడకు ఆనించని ఇనప బీరువాలో పెట్టండి.

తర్వాత ఆ మనవరాలి దగ్గరకు మీరే వెళ్లండి. వాళ్లింట్లో ఈ సంగతి ఎలా చెప్పుకున్నారో రాసుకోండి. క్వేకర్ల సభలో ఓట్లు ఉండవు. సభను నడిపే గుమస్తా అక్కడికక్కడే తీర్మానం రాసి చదువుతాడు, కూర్చున్నవారు సరే అన్నాకే ముందుకు వెళతారు. ఇంటికి తీసుకెళ్లి దిద్దుకోవడం ఉండదు. మీరూ అలాగే, రాసింది ఆవిడకు అక్కడే చదివి వినిపించండి. కాదన్న మాట ఆవిడ ముందే కొట్టేసి, సంతకం పెట్టించి, ఆ కాగితాన్ని ఆ నాలుగు పేజీల పక్కనే పెట్టండి.