అమ్మ తర్వాత తమ్ముణ్ణి చూసేదెవరు?

ప్రశ్న: నా వయసు 36, తమ్ముడికి 31. పుట్టినప్పటి నుంచీ తీవ్రమైన సెరిబ్రల్ పాల్సీ. మాట రాదు, కూర్చోలేడు, తినిపించాలి, ఫిట్స్ వస్తాయి. నాన్న పోయాక అన్నీ అమ్మే చేస్తోంది. ఆమెకు 67 ఏళ్ళు, నడుం నొప్పి. మనిషిని పెడదామంటే వద్దంటుంది, నన్నూ చెయ్యనివ్వదు. మొన్న రాత్రి వాడి తల నిమురుతూ 'నాకన్నా ముందే వెళ్ళిపోరా నాన్నా' అనడం విన్నాను. అప్పటి నుంచి నాకు నిద్ర లేదు. హోమ్‌లో చేర్పిద్దామన్న ఆలోచన వచ్చినందుకే పాపం చేసినట్టుంది.

జవాబు: ముందు ఆ మాట సంగతి. ఇలాంటి బిడ్డల్ని సాకుతూ వయసు మీద పడిన తల్లుల నోట నేను ఆ మాట చాలాసార్లు విన్నాను. అది బిడ్డ మీద విసుగు కాదు. 'నేను లేని రోజున వీడికి దాహం వేస్తే ఎవరికి తెలుస్తుంది' అన్న భయం. అయితే ఆ మాట ఎప్పుడైనా 'వాణ్ని తీసుకుని నేనూ పోతాను' అన్నదాకా వెళ్తే ఆవిడని ఒంటరిగా వదలకండి. ఆ రోజే సైకియాట్రిస్ట్‌కి చూపించండి.

ఆవిడ భయం అర్థం లేనిది కాదు. ఏ మూలుగు ఆకలిది, ఏ మూలుగు కడుపు నొప్పిది, తల ఎటు పట్టుకుంటే పొలమారదు, ఇవేవీ ఏ రిపోర్టులోనూ ఉండవు. 31 ఏళ్ళుగా అదంతా ఆవిడ చేతుల్లో, చెవుల్లో ఉంది. ఆవిడ ఒక్క వారం మంచాన పడితే చాలు, మీ తమ్ముడి భాష తెలిసిన మనిషే ఇంట్లో ఉండరు. అందుకే హోమా ఇల్లా అన్నది కొన్నాళ్ళు పక్కన పెట్టండి. అతను ఎక్కడున్నా, చూసేవాళ్ళకి అమ్మగారికి తెలిసింది తెలియాలి. ఆ పని ఇప్పుడే మొదలవ్వాలి.

'నీకు రెస్ట్ ఇస్తాను' అని వెళ్ళకండి. ఇన్నేళ్ళు చేసినావిడకి అది 'ఇక నువ్వు అక్కర్లేదు' అన్నట్టు వినిపిస్తుంది. 'నాకు నేర్పించమ్మా' అనండి. రోజుకి ఒక పూట తినిపించే పని తీసుకుని, ఆవిడ పక్కన కూర్చుని తప్పులు చెబుతుంటే దిద్దుకోండి. వీపు నిటారుగా ఉంచడం, మింగాడని చూశాకే ఇంకో ముద్ద పెట్టడం, తిన్నాక కనీసం 30 నిమిషాలు పడుకోబెట్టకపోవడం ఆవిడ చేస్తూనే ఉండి ఉంటారు. తిన్నది ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది, ఇలాంటివాళ్ళ ప్రాణం మీదికి తెచ్చే వాటిలో అది ముఖ్యమైనది. తినేటప్పుడు తరచూ దగ్గుతున్నా, తర్వాత గొంతు గురగురమంటున్నా డాక్టర్‌తో మింగుడు పరీక్ష గురించి మాట్లాడండి.

నేర్చుకున్నది ఆ రోజే ఒక నోట్‌బుక్‌లో రాయండి. మందులు, వేళలు, ఫిట్స్ మామూలుగా ఎంతసేపుంటాయి (5 నిమిషాలు దాటితే వెంటనే హాస్పిటల్‌కి తీసుకెళ్ళాల్సిందే). ఏ పాటకి నవ్వుతాడో కూడా రాయండి, అది చిన్న విషయం కాదు. మామూలుగా ఉన్నప్పుడు ఒకటి, నొప్పిగా ఉన్నప్పుడు ఒకటి ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకోండి. మాట రానివాళ్ళకి పన్ను నొప్పి వచ్చినా, మలబద్ధకం బాధపెడుతున్నా, తుంటి కీలు జరిగినా 'అతని స్థితే అంత' అని డాక్టర్లు కూడా దాటేసే ప్రమాదం ఉంది. నాకు మహా బాధ కలిగించే విషయం ఇదే. 'మా తమ్ముడు ఇలా ఉండడు' అని మీరు చూపించగలగాలి.

అమ్మగారి నడుం విషయంలో మాత్రం ఆవిడ మాట వినకండి. పెద్దవాడైన కొడుకుని ఆవిడ ఒక్కరే ఎత్తకూడదు. సుమారు రెండు గంటలకోసారి ఒత్తిగిలించకపోతే ఒంటి మీద పుండ్లు పడతాయి. దీనికి ఇంకో జత చేతులు కావాలి. ఎలా ఎత్తాలో, ఎలా జరపాలో ఫిజియోథెరపిస్ట్‌ని అడిగి ఇద్దరూ నేర్చుకోండి. మనిషిని పెట్టడం కూడా ఇక్కడి నుంచే మొదలుపెట్టండి. మొదట పక్క మార్చడానికి మాత్రమే, అదీ అమ్మగారు చూస్తుండగా. నమ్మకం కుదిరాక మిగతా పనులు.

కాగితాల పని కూడా ఉంది. 18 దాటినవాళ్ళ తరఫున సంతకం పెట్టే హక్కు చాలా దేశాల్లో తల్లికైనా దానంతటదే రాదు. చట్టప్రకారం సంరక్షకులు ఎవరు, అమ్మగారి తర్వాత ఎవరు అన్నది ఆవిడ ఓపికగా ఉండగానే లాయర్‌తో మాట్లాడి తేల్చుకోండి.

హోమ్ గురించి ఆలోచించడం పాపం కాదు. చూడటానికి వెళ్తే తినిపించే వేళకి వెళ్ళండి. ఒక్కొక్కరి దగ్గర ఎంతసేపు కూర్చుంటున్నారో, తినిపిస్తూ వాళ్ళతో మాట్లాడుతున్నారో లేదో చూడండి. గోడల రంగు కన్నా అదే ఎక్కువ చెబుతుంది.

అమ్మగారి మాట మీరు విన్నారని ఆవిడకి చెప్పండి. 'నువ్వు చేసినవన్నీ నేను చేస్తాను' అని మాటివ్వకండి. అది మీ వల్ల కాదు, ఆవిడ నమ్మరు కూడా. 'వాడి సంగతి తెలియనివాళ్ళ చేతిలో వాణ్ని పెట్టనమ్మా' అనండి. ఆ మాట మీరు నిలబెట్టుకోగలరు.