ఎకో హోరులో పాట వినబడాలంటే

ప్రశ్న: మాది అయిదుగురి ఇండీ పాప్ బ్యాండ్. 400 మంది పట్టే హాల్లో షో. మాకు ముందు ఒక సైకెడెలిక్ (ఎకోలు, వింత శబ్దాలతో సాగే రాక్) బ్యాండ్ వాయిస్తుంది. మధ్యలో 20 నిమిషాలే టైమ్. సౌండ్‌చెక్ (షోకు ముందు వాయించి శబ్దం సరిచూసుకోవడం) ఎవరు ముందు చేసుకోవాలండీ?
— విశాఖపట్నం పాఠకుడు

జవాబు: మీరే. చివర వాయించేవాళ్లు మొదట, మొదట వాయించేవాళ్లు చివర చెక్ చేసుకోవాలి. అప్పుడు మొదట వాయించేవాళ్ల సామాను షో మొదలయ్యేదాకా కదిలించే పనే ఉండదు. మీ డ్రమ్స్ వెనక్కి జరిపి, మైకులు తీయకుండానే నల్లగుడ్డ కప్పండి. వాళ్ల కిట్ దాని ముందు. డిజిటల్ మిక్సరైతే మీ సెట్టింగ్‌ను సీన్‌గా (ఒక్క నొక్కుతో మళ్లీ తెచ్చుకునేలా) సేవ్ చేయించండి. పాత అనలాగ్‌దైతే నాబ్‌లన్నీ ఫోన్లో ఫొటో తీసుకోవడమే దిక్కు. మీ కేబుళ్లకు ఒక రంగు టేపు, వాళ్లవాటికి ఇంకో రంగు. టైమంతా తినేసేది డ్రమ్స్ మోయడం కాదు, ఏ వైరు ఏ ఛానల్‌దో వెతుక్కోవడం.

ప్రశ్న: మా సైకెడెలిక్ బ్యాండ్ గిటారిస్టు డిలే (శబ్దాన్ని ఎకోలా తిప్పి వినిపించేది), రివర్బ్ (పెద్ద హాల్లో మోగినట్టు చేసేది) పెడల్స్ కలిపి నొక్కితే గొంతు మునిగిపోతోంది. ఒక్కోసారి వాయించడం ఆపినా మోత పెరుగుతూనే ఉంటుంది. పెడల్ పాడైందా?
— గుంటూరు పాఠకురాలు

జవాబు: పాడవలేదు. డిలే మీద ‘ఫీడ్‌బ్యాక్’ లేదా ‘రిపీట్స్’ అనే నాబ్ ఉంటుంది. తిరిగొచ్చే ప్రతి ఎకో ముందుదానికన్నా చిన్నదైతే నాలుగైదు సార్లకు సద్దుమణుగుతుంది. నాబ్ మరీ పెంచితే ముందుదాన్ని మించి తిరిగొస్తుంది, ఇక తీగల మీంచి చెయ్యి తీసినా కేక ఆగదు. ఆ కేక సైకెడెలిక్ వాళ్లకు ప్రాణం, మాన్పించకండి. గాయకుడు పాడుతున్నప్పుడు మాత్రం నాబ్ సగం లోపే ఉండమనండి.

డిలే టైమ్‌కు (ఎకోకు ఎకోకు మధ్య వ్యవధికి) లెక్క ఉంది: 60,000ను టెంపోతో, అంటే నిమిషానికి పడే బీట్ల సంఖ్యతో, భాగించాలి. టెంపో 120 అయితే 500 మిల్లీసెకన్లు, బీట్‌లో ముప్పావు కావాలంటే 375. లెక్క తప్పితే ఎకోలు తాళానికి అడ్డం పడి మాటల్ని మింగేస్తాయి. రివర్బ్‌ను ఫజ్‌కు (గిటార్ శబ్దాన్ని గరగరలాడించే పెడల్‌కు) ముందు పెట్టారేమో కూడా చూడండి. అలా పెడితే రివర్బ్ తోక మొత్తం ఫజ్‌లో ఉబ్బి ముద్దయిపోతుంది. కావాలనే అలా పెట్టేవాళ్లూ ఉన్నారు, వాళ్లతో వాదన అనవసరం. రివర్బ్‌లో 200 హెర్ట్జ్ కింది బొంగురు శబ్దాలను కోయిస్తే గొంతుకు చోటు దొరుకుతుంది. ఖాళీ హాల్లో మోత ఎక్కువగా ఉందని మాత్రం కంగారుపడొద్దు, జనం నిండితే కొంత పీల్చుకుంటారు.

ప్రశ్న: నూనె, రంగునీళ్ల బుడగలను తెర మీద ఆడించే నూనె లైట్ షో ఇంట్లో చేసుకోవచ్చా?
— వరంగల్ పాఠకుడు

జవాబు: చేసుకోవచ్చు. 1968 నుంచి న్యూయార్క్‌లోని ఫిల్మోర్ ఈస్ట్ అనే రాక్ హాల్లో జాషువా లైట్ షో అనే బృందం వాడిన పద్ధతుల్లో ఇదొకటి. ఓవర్‌హెడ్ ప్రొజెక్టర్ మీద గుంట గాజు పళ్లెం పెట్టి, రంగునీళ్లు రెండు చెంచాలు, రంగులేని బేబీ ఆయిల్ ఒక చెంచా పోయండి. పైన ఇంకో చిన్న పళ్లెం ఉంచి బీట్‌కు తగ్గట్టు మెల్లగా నొక్కితే బుడగలు విచ్చుకుంటాయి. మామూలు మిఠాయి రంగు నీళ్లకే అంటుతుంది, నూనెలో కలవదు. నూనెకు నూనెలో కరిగే రంగు విడిగా కొనాలి. ఎక్కువ పోస్తే పొర్లి లోపలి బల్బు మీద పడుతుంది, జాగ్రత్త. స్టేజి ముందు లైట్లు ఆర్పకపోతే తెర మీద ఏమీ కనబడదు.