విష్, వాంఛ, వామనుడి మూడడుగులు

సందేహం: మాది ఒడిశాలోని రాయగడ. ఇక్కడ తెలుగు పిల్లలకు పాఠాలు చెబుతాను. పదో తరగతి వాళ్ల వీడ్కోలు సభకు తొమ్మిదో తరగతి పిల్లలు బోర్డు మీద ‘అన్నలకు, అక్కలకు మా విషెసులు’ అని రాశారు. ఇదేం తెలుగని నేను కోప్పడితే, విష్ అనేది సంస్కృతంలోని ‘ఇష్’ ధాతువు నుంచి పుట్టినదేననీ, మన మాటేననీ ఒక సహోపాధ్యాయుడు వెనకేసుకొచ్చారు. పక్క గదిలో ఒడియా పిల్లలు ‘శుభేచ్ఛా’ అని చక్కగా రాసుకున్నారు. మనం శుభేచ్ఛలు అనకూడదా? విష్ అంటే కోరిక అని నిఘంటువులో ఉంది. అలాగని ‘ఐ విష్ ఐ వర్ ఎ బర్డ్’ అన్నదాన్ని ‘నేను పక్షిని కావాలని కోరుకుంటున్నాను’ అని చెప్పవచ్చా?

సమాధానం: అమ్మా, మీ సహోపాధ్యాయుడిగారి వ్యుత్పత్తి వినడానికి సొంపుగానే ఉంది. చెవికి ఒకేలా తోచిన రెండు మాటలకు వియ్యం కలిపేయడం మనవాళ్లకు పాత సరదా. కాని ఈ సంబంధం కుదరదు. ‘ఇష్’ నుంచి మనకు వచ్చినవి ఇచ్ఛ, ఇష్టం. వాటికి ఇంగ్లీషులో దాయాది ఉన్న మాట నిజమే గాని అది విష్ కాదు, ‘ఆస్క్’. అడగడం! విష్‌కు మన వైపు ఉన్న దాయాది ‘వాంఛ’. జర్మన్ భాషలో కోరికను ‘వున్ష్’ అంటారు. పక్కపక్కన పెట్టి పలికి చూడండి: వాంఛ, వున్ష్. పాత ఇంగ్లీషు నాటికే ఆ నకారం రాలిపోయి విష్ మిగిలింది. ఈ వంశానికి మూలధాతువు ‘వెన్’ అనీ, ప్రేమించడం, ఆశపడడం దాని అర్థమనీ భాషాశాస్త్రవేత్తలు పునర్నిర్మించారు. మన ‘వనిత’, రోమనుల ప్రేమదేవత ‘వీనస్’ ఆ ఇంటి ఆడపడుచులే. కాబట్టి మీ సహోపాధ్యాయుడిగారు ఇల్లు పొరబడ్డారు గాని వీధి సరిగ్గానే పట్టుకున్నారు.

వాంఛ అనగానే నాకు పోతన గుర్తుకు రాకుండా ఉండడు. ఆశపడే మాటలన్నీ ఒకచోట చూడాలంటే భాగవతం అష్టమ స్కంధంలో వామన చరిత్ర తెరవాలి. ఏం కావాలో అడుగు బాబూ అని బలి బట్టల నుంచి భూముల వరకు పెద్ద జాబితా చదువుతాడు. పొట్టివాడు తేల్చేస్తాడు:

ఒంటివాఁడ నాకు నొకటి రెం డడుగుల
మేర యిమ్ము, సొమ్ము మేర యొల్ల

ఆ ‘ఒల్ల’ చూడండి. అక్కర్లేదు, ఇష్టం లేదు, ఇచ్చినా పుచ్చుకోను అనే మూడూ రెండక్షరాల్లో ఉన్నాయి. మన వైపు పల్లెల్లో పెద్దవాళ్లు ‘నానొల్లను’ అంటే నాగరికం కాదని నవ్వే కుర్రాళ్లకు ఈ పద్యం వినిపించాలి. బలికి ఆ జవాబు రుచించదు. పసివాడికి అడగడం కూడా రాదే అని జాలిపడతాడు:

వసుధాఖండము వేఁడితో? గజములన్ వాంఛించితో? వాజులన్
వెస నూహించితొ? కోరితో యువతులన్ వీక్షించి కాంక్షించితో?

రెండు పాదాల్లో అయిదు క్రియలు: వేడడం, వాంఛించడం, ఊహించడం, కోరడం, కాంక్షించడం. యతి కోసం వాంఛ వచ్చిందని ఛందస్సు మాస్టార్లు అంటారు. వచ్చి ఉండవచ్చు. వకారం యతికి వేరే మాటలు లేకనా? వేడడానికి నోరు కావాలి, ఎదురుగా ఇచ్చేవాడుండాలి. ఊహించడానికి ఎవరూ అక్కర్లేదు. కాంక్షించడానికి ముందు ‘వీక్షించి’ అని కన్ను ఉండనే ఉంది. ఇక ఏనుగులు! వటువు వాటినేం చేసుకుంటాడు? అందని దాని మీదికి మనసు సాగడమే వాంఛ. ఆ మాటను ఏనుగుల పక్కన కూర్చోబెట్టినవాడికి యతి ఒక్కటే తెలుసని నేను నమ్మను. ఆశకు అంతులేదని వామనుడు బలికి తిరిగి చెప్పే ‘ఆశాపాశము దాఁ గడున్ నిడుపు’ పద్యం మీకు కంఠస్థమే అయి ఉంటుంది. దాని గురించి మొదలుపెడితే మీ సందేహం మరుగున పడిపోతుంది.

ఇక్కడ మీకు పనికొచ్చేది మరొకటుంది. శుక్రాచార్యుడు వద్దంటున్నప్పుడు, శిబి మొదలైనవాళ్లు ప్రీతితో ‘ఈరే కోర్కులు’ అని బలి అడుగుతాడు. కోర్కులు ఇచ్చారట. మనసులో మెదిలే భావాన్ని ఎవరైనా ఇస్తారా? ఇక్కడ కోర్కి అంటే అడిగిన వస్తువు. అడిగేవాడొకడు, ఇచ్చేవాడొకడు ఉంటేనే తెలుగు కోరికకు నిండుదనం. మీ ఊరి మజ్జిగౌరమ్మ గుడి ముందు నిలబడ్డప్పుడు మీరు చేసేది అదే. అమ్మవారు ఇస్తుంది, మీరు మొక్కు తీరుస్తారు. నిఘంటువు విష్‌కు ఎదురుగా కోరిక అని రాసి ఊరుకుంటే మీలాంటివారికి చిక్కు వస్తున్నది ఇందుకే. ఎదుటివాడు బాగుండాలని అనుకోవడం తెలుగులో కోరిక కాదు, దీవెన. దానికి నామవాచకం కూడా అక్కర్లేదు, క్రియే మోస్తుంది: వర్ధిల్లుగాక, చల్లగా ఉండు, నూరేళ్లు బతుకు.

మరి శుభాకాంక్షలు ఎక్కడివంటారా? మన దీవెన ఎప్పుడూ పైనుంచి కిందికే పారుతుంది. పెద్దలు పిల్లల్ని దీవిస్తారు, పిల్లలు దణ్ణం పెడతారు. సాటివాళ్లకు, తమకంటే పెద్దవాళ్లకు మంచి జరగాలని చెప్పడానికి వాడుకలో నలిగిన మాట లేకపోయింది. ఆ ఖాళీలోకి సంస్కృత సమాసాలు వచ్చాయి. ఒక్కో భాష ఒక్కో ఆశను ఏరుకుంది. ఒడియా, మరాఠీ, బెంగాలీ వాళ్లు ఇచ్ఛను తీసుకుని శుభేచ్ఛ అన్నారు. హిందీవాళ్లు శుభకామన, కన్నడిగులు శుభాశయ అన్నారు. కామన మనకు పనికిరాదు, కామం అర్థం మన చెవుల్లో బాగా కుంచించుకుపోయింది. మనం ఆకాంక్ష తెచ్చుకున్నాం. శాస్త్రంలో ఆకాంక్ష అంటే వాక్యంలో ఒక పదం ఇంకో పదం కోసం ఎదురుచూడడం. ‘రాముడు’ అని ఆగిపోతే ఏం చేశాడని మీ మనసు అడుగుతుందే, అది. ఆ లెక్కన ‘హార్దిక శుభాకాంక్షలు’ అని ఆపేసిన కార్డులన్నీ నిజంగానే ఆకాంక్షతో మిగిలిపోతున్నాయి, క్రియ ఎప్పుడొస్తుందా అని!

శుభేచ్ఛలు అనడంలో దోషం లేదు. ఇచ్ఛ మనకు కొత్తదీ కాదు. రాయగడలో గోడకు అటూ ఇటూ ఉన్న పిల్లలకు ఒక్క మాటే అర్థమైతే మంచిదే. ఆంధ్రలో చెవికి కాస్త ఎబ్బెట్టుగా ఉంటుందేమో, అది అలవాటు సంగతి. జాబు చివర ‘మీ శ్రేయోభిలాషి’ అని రాసుకున్న జాతి మనది. ఇప్పుడు దాన్ని చెరిపేసి ‘వెల్‌విషర్’ అని రాసుకోవడం ఏమిటో నాకు అంతుపట్టదు.

ఇంతకీ ‘విష్ చేయడం’ తప్పా? ఇంటికి చుట్టాలొస్తే ‘అంకుల్‌కి విష్ చెయ్యమ్మా’ అంటారు. అందులో వాంఛా లేదు, ఇచ్ఛా లేదు. దణ్ణం పెట్టమనడమే. ఆ మాట సుఖంగా నోట్లో ఉండగా ఈ తిప్పలెందుకని నా గొణుగుడు. అయితే నేనుండేది పర్లాకిమిడిలో. గిడుగు రామమూర్తిగారు బడిలో పాఠాలు చెప్పిన ఊరిది. పర్లాకిమిడి 1936లో ఒడిశాలో కలిసినప్పుడు ఆయన ఊరు వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు గాని, జనం నోట్లో ఉన్నదే భాష అని ఆయన వేసిన కేక ఇక్కడి గాలిలో ఇంకా ఉంది. ఊరంతా అంటున్నదాన్ని తప్పని కొట్టేయడానికి నాకు నోరు రాదు. మాటల్లో ఉంటే ఉండనివ్వండి. రాతలోకి అప్పుడే రానివ్వకండి.

‘విషెసులు’ మాత్రం రెండు విధాలా చెడింది. ‘విషెస్’ అనేదే బహువచనం. దానికి మళ్లీ మన ‘లు’ తగిలించి డబుల్ చేశారు. బస్సులు, గ్లాసులు అనడంలేదా అంటారేమో. అక్కడి సకారం మాటలోదే, ఇక్కడిది బహువచనానిది.

పక్షి సంగతి. ‘కోరుకుంటున్నాను’ అంటే ఆ పక్షి రూపం ఎవరో ఇవ్వబోతున్నట్టుంటుంది. డబ్బింగ్ సీరియళ్ల పుణ్యమా అని ‘నువ్విక్కడ ఉండాలని కోరుకుంటున్నాను’ అని దూరదేశంలో ఉన్న మొగుణ్ణి తలుచుకుని పెళ్లాం ఏడుస్తోంది. జరగనిదని తెలిసీ ఆశపడేటప్పుడు తెలుగు ‘బాగుండును’ అంటుంది. పిట్టనైతే ఎంత బాగుండును! నువ్వుంటే బాగుండేది! ఇప్పుడు జరగనిదానికి ఒకటి, జరగక దాటిపోయినదానికి ఇంకొకటి.

బోర్డు మీద ఏం రాయించాలో మీరే చూసుకోండి. తొమ్మిదో తరగతి వాళ్లు పదో తరగతి వాళ్లను ‘వర్ధిల్లండి’ అంటే ఏడాది తేడాకు కొంచెం పెద్దరికం అయిపోతుంది. ‘శుభేచ్ఛలు’ అన్నా, ‘శుభాకాంక్షలు’ అన్నా నాకు అభ్యంతరం లేదు. నన్ను రాయమంటే ‘బాగా రాయండి, మళ్లీ రండి’ అని రాసేవాణ్ణి.